మడగాస్కర్ భౌగోళికం: తరచుగా అడిగే ప్రశ్నలు

మడగాస్కర్ గురించి అడిగేవాళ్ళలో పరీక్షలకు చదివేవాళ్ళూ, ప్రయాణానికి సిద్ధమయ్యేవాళ్ళూ ఎక్కువ. వాన ఎక్కడ పడుతుంది, నది ఎటు పారుతుంది, వరి ఎక్కడ పండుతుంది, రోడ్డు ఎప్పుడు మూతపడుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడి నేల వాలులోనే ఉంది. అందుకే మిగతా ప్రశ్నలకు ముందు 2, 3 ప్రశ్నలు చదవండి.

1. మడగాస్కర్ ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

ఆఫ్రికా ఆగ్నేయ తీరానికి ఎదురుగా హిందూ మహాసముద్రంలో ఉంది. ఆఫ్రికాకూ దీనికీ మధ్య ఉన్నది మొజాంబిక్ జలసంధి. బాగా ఇరుకైన చోట కూడా దాని వెడల్పు సుమారు 400 కి.మీ. దీవి విస్తీర్ణం దాదాపు 5,87,000 చ.కి.మీ. గ్రీన్లాండ్, న్యూగినీ, బోర్నియోల తర్వాత ప్రపంచంలో నాలుగో పెద్ద దీవి ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి రెండింతల కన్నా కాస్త ఎక్కువ.

ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవు దాదాపు 1,580 కి.మీ., గరిష్ఠ వెడల్పు సుమారు 570 కి.మీ. 12° దక్షిణ అక్షాంశం దగ్గర మొదలై 25½° దాకా సాగుతుంది. మకర రేఖ నైరుతిలోని తులియారా పట్టణానికి కొంచెం కింద నుంచి పోతుంది. అంటే దక్షిణపు కొస ఉష్ణమండలం బయట ఉంది. 'పూర్తిగా ఉష్ణమండల దేశం' అని రాస్తే తప్పు.

2. దీవి స్వరూపం ఒక్క మాటలో చెప్పాలంటే?

ఒక పక్క పొట్టిగా నిటారుగా, ఇంకో పక్క పొడవుగా ఏటవాలుగా దించిన పెంకుటింటి కప్పు. పొట్టి పక్క తూర్పు, పొడుగు పక్క పడమర. నడిమి దూలం ఉన్న చోట 800 నుంచి 1,500 మీటర్ల ఎత్తున పీఠభూమి. అయితే పీఠభూమి అన్నంత మాత్రాన బల్లపరుపు నేల అనుకోకండి. గుండ్రటి గడ్డి కొండలు, వాటి మధ్య వరి పండే పల్లపు లోయలు, అక్కడక్కడ నల్లటి రాతి గుట్టలు ఉంటాయి. రాజధాని ఆంటనానారివో దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది.

3. అడ్డుకోత పటం (దీవిని అడ్డంగా కోస్తే పక్క నుంచి కనిపించే ఎత్తుపల్లాల బొమ్మ) గీయమంటారు. ఎలా గీయాలి?

దాదాపు 19° దక్షిణ అక్షాంశం వెంట గీస్తే దీవి గుణమంతా ఒకే బొమ్మలో వస్తుంది.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 1 సెం.మీ.కు 50 కి.మీ. తీసుకోండి. ఈ అక్షాంశం దగ్గర దీవి వెడల్పు సుమారు 525 కి.మీ. కాబట్టి గీత 10.5 సెం.మీ. వస్తుంది. నిలువుగా 1 సెం.మీ.కు 500 మీటర్లు తీసుకోండి. ఎడమ చివర పడమటి సముద్రం. అక్కడి నుంచి 2.2 సెం.మీ. దగ్గర మియాండ్రివాజో: ఇంకా వంద మీటర్ల ఎత్తు కూడా రాదు, గీత దాదాపు నేలనే అంటి ఉంటుంది. 3.5 దగ్గర త్సిరోఅనోమాండిడి: 850 మీటర్లు దాటుతుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య గీత ఒక్కసారి లేచే చోటు బొంగొలావా కొండ అంచు. 6.5 దగ్గర ఆంటనానారివో: 1,280 మీటర్లు, అంటే నిలువుగా 2.5 సెం.మీ. 8 దగ్గర మొరామాంగా: గీత 900 మీటర్లకు దిగుతుంది. ఆపైన 10.5 దగ్గర తోమాసినా రేవు: సముద్ర మట్టం.

విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది తూర్పు వైపే. ఆంటనానారివో నుంచి సముద్రం దాకా ఒకే జారుడుగా గీసేస్తారు. అక్కడ ఉన్నవి రెండు మెట్లు. పై మెట్టు అంగావో కొండ అంచు. దాని కింద మొరామాంగా ఉన్న అంకై లోయ, అందులో మంగోరో నది. ఆ లోయ దాటాక మళ్ళీ అడవి కప్పిన రెండో అంచు తీరం వైపు దిగిపోతుంది.

నిలువు కొలత అడ్డం కొలతకు 100 రెట్లు పెంచామని పటం కింద తప్పక రాయండి. పెంచకపోతే రాజధాని ఎత్తు కాగితం మీద పావు మిల్లీమీటరే, పెన్సిల్ గీత మందంలో కలిసిపోతుంది.

4. ఎత్తైన శిఖరం ఏది?

ఉత్తరాన ఉన్న త్సారతనాన పర్వతాల్లోని మరోమొకోత్రో, 2,876 మీ. దీవిలో చాలామంది ఎక్కేది దక్షిణాన అంద్రింగిత్రాలోని బోబీ శిఖరాన్ని, 2,658 మీ. రాజధానికి నైరుతిగా పాత అగ్నిపర్వతాల అంకరాత్ర గుట్టలున్నాయి. వాటిలో త్సియాఫజవోన ఎత్తు 2,643 మీ.

5. ఇది ఆఫ్రికా నుంచి విడిపోయిన ముక్కే కదా?

నిజమే, కానీ సగమే. గోండ్వానా అనే పురాతన మహాఖండం చీలినప్పుడు సుమారు 16 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ ఆఫ్రికాను వదిలింది, అదీ భారత భూభాగంతో కలిసే. ఆ తర్వాత ఏడు కోట్ల ఏళ్ళకు పైగా మన నేలా ఆ నేలా అంటుకునే ఉన్నాయి. సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కిందట భారత ఫలకం విడిపోయి ఉత్తరానికి సాగింది. తూర్పు తీరం పటంలో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కనిపించడానికి కారణం ఆ చీలికే. ఆ తీరంలో చెప్పుకోదగ్గ పెద్ద నొక్కు ఒక్క అంటోంగిల్ అఖాతమే. దాని చుట్టూ ఉన్న పాత నైస్ శిలలను భూగర్భ శాస్త్రవేత్తలు మన ధార్వార్ శిలలతో జతపరుస్తారు. తెలంగాణ, రాయలసీమల గ్రానైట్ గుట్టలు ఆ ధార్వార్ ఖండానికి తూర్పు భాగం.

ఇక్కడ ఒక గందరగోళం తరచూ కనిపిస్తుంది. మడగాస్కర్ నుంచి విడిపోయేటప్పుడు పొంగిన లావా, దక్కన్ లావా ఒకటి కావు. మొదటిది మారియన్ అనే ఉష్ణ కేంద్రం (భూమి లోతుల నుంచి శిలాద్రవం పొంగే చోటు) వల్ల, 8.8 కోట్ల ఏళ్ళ నాటిది. కర్ణాటకలో ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవుల రాళ్ళు దాని గుర్తులే. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్ల బసాల్టు రీయూనియన్ ఉష్ణ కేంద్రానిది, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది.

6. ఒకే దీవిలో ఒక పక్క వానలు, ఇంకో పక్క కరవు ఎందుకు?

ఆగ్నేయ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా తూర్పు తీరాన్ని తాకుతాయి. తేమ నిండిన గాలి నిటారు కొండను ఎక్కుతూ చల్లబడి అక్కడే కురిసేస్తుంది. తోమాసినాలో ఏడాదికి 3,000 మి.మీ. దాటుతుంది, వాన పడని నెలంటూ ఉండదు. ఆంటనానారివోకు చేరేసరికి అది 1,300–1,400 మి.మీ. నైరుతిలో తులియారాలో 400 మి.మీ. దరిదాపు.

వర్షచ్ఛాయను, అంటే కొండ అడ్డు వల్ల వాన అందని పక్కను, పాఠంలో కాక నేల మీద చూడాలంటే ఆగ్నేయ మూలనున్న అందొహహేలా జాతీయ వనం కన్నా మంచి చోటు లేదు. కొండకు ఒక పక్క నాచు పట్టిన వానల అడవి. శిఖరం దాటి కొన్ని పదుల కిలోమీటర్లు పోతే ఆకుల కన్నా ముళ్ళు ఎక్కువున్న చెట్లు.

ఆ ముళ్ళ అడవి ఉన్న అంద్రోయ్ ప్రాంతంలో కరవును 'కెరె' అంటారు. అక్కడ పశువులకు మేత, నీరు, మనుషులకు పండు అన్నీ నాగజెముడే ఇచ్చేది. 1920 దశకంలో దాన్ని తినే కోచినీల్ పురుగును తెచ్చి వదిలారు. నాగజెముడు పొదలు ఎండిపోయాయి, వాటి వెంట పశువులు, మనుషులు పోయారు. వాన లెక్కలు మాత్రమే చూసి అంద్రోయ్ కరవును అర్థం చేసుకోలేం.

7. అక్కడ చలికాలం ఎప్పుడు?

మనకు తిరగేసి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడి, వానలు. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, పొడిగా. జూలైలో ఆంటనానారివోలో రాత్రి 10 డిగ్రీల దాకా పడిపోతుంది. ఇంకా ఎత్తున ఉన్న అంత్సిరాబేలో ఒక్కోసారి మంచు పొర గడ్డకడుతుంది. 'ఉష్ణమండలం కదా' అని స్వెటర్ లేకుండా జూలైలో దిగినవాళ్ళు మొదటి రోజే దుకాణం వెతుక్కోవాల్సి వస్తుంది. తీరంలో మాత్రం ఆ అవసరం ఉండదు.

8. తుపానులు ఎప్పుడు వస్తాయి? మన తుపానులకూ వాటికీ తేడా ఏమిటి?

సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, జనవరి–మార్చి నెలల్లో ఉద్ధృతి ఎక్కువ. సీజన్ రెండు క్యాలెండర్ ఏళ్ళ మీదుగా నడుస్తుంది కాబట్టి 2003–04, 2022–23 అని జంటగా రాస్తారు. గణాంకాలు పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడి తుపాను గడియారపు ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. మన బంగాళాఖాతపు తుపాను అందుకు ఎదురు తిరుగుతుంది. హెచ్చరికల కేంద్రం రీయూనియన్ దీవిలో ఉంది. పేరు పెట్టే బాధ్యత 55° తూర్పు రేఖాంశానికి పడమరన మడగాస్కర్‌ది, తూర్పున మారిషస్‌ది.

తీరం దాటితే తుపాను అయిపోయిందనుకోవడం ఇక్కడ ప్రమాదం. కొండల మీద బలహీనపడ్డ తుపాను మొజాంబిక్ జలసంధిలోని వెచ్చటి నీటి మీదికి చేరి మళ్ళీ పుంజుకుంటుంది. 2004 మార్చి 7న ఈశాన్యంలో అంతలాహా దగ్గర తీరం దాటిన గఫిలో జలసంధిలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి నైరుతి తీరాన్ని కొట్టింది. 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా దగ్గర పుట్టిన ఫ్రెడ్డీ సముద్రమంతా దాటి, ఫిబ్రవరి 21న మనంజారి దగ్గర మడగాస్కర్‌లో దిగి, మొజాంబిక్ వెళ్ళి, మళ్ళీ జలసంధిలోకి వచ్చింది. మనంజారి అంతకు ఏడాది ముందే, 2022 ఫిబ్రవరిలో, బత్సిరాయ్ దెబ్బ తిన్న ఊరు.

9. బెత్సిబోకా నది ఎర్రగా ఎందుకు ఉంటుంది? 'లవాకా' అంటే ఏమిటి?

బెత్సిబోకా మధ్య పీఠభూమి నుంచి వాయవ్యంగా పారి మహాజంగా దగ్గర బొంబెతోకా అఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో అది మోసుకెళ్ళే ఎర్రమట్టి అంతరిక్షం నుంచి తీసిన ఫోటోల్లో కూడా కనిపిస్తుంది. ఆ మట్టిలో చాలా భాగం లవాకాల నుంచి వస్తుంది. మలగాసీ భాషలో ఆ మాటకు గొయ్యి, కన్నం అని అర్థం.

దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్టను ఎవరో పెద్ద గరిటెతో తోడినట్టు ఉంటుంది. పైన వెడల్పు, కింద ఇరుకు మూతి. దగ్గరికి వెళ్తే గోడల్లో రెండు పొరలు తెలుస్తాయి. పైన కొన్ని మీటర్ల మందాన గట్టి ఎర్ర లాటరైట్. దాని కింద పదుల మీటర్ల లోతున లేత గులాబీ రంగు మెత్తటి కుళ్ళు రాయి. చేత్తో నలిపితే పిండిలా రాలుతుంది.

గట్టి పొర చెదరనంత కాలం ఫర్వాలేదు. పశువుల బాట, కాలవ, రోడ్డు కోత, ఏటా తగలబెట్టడం వల్ల గడ్డి పోయిన చోటు, వీటిలో ఏదో ఒక దారిన నీరు కింది పొరను చేరితే అది అడుగు నుంచి కరిగి జారుతుంది. పై పొర ఆధారం లేక పెళ్ళలుగా కూలుతుంది. అందుకే లవాకా కొండ పైకి పాకుతుంది. అన్నిటికీ మనుషులే కారణమనడం సరికాదు. మనుషులు రాకముందు పుట్టినవీ ఉన్నాయి.

ఆపే పద్ధతి: లవాకా తలకు ఎగువన సమోన్నత రేఖ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వెంట మళ్ళింపు కాలవ తవ్వి వాన నీటిని పక్కకు తీసుకుపోవాలి. మూతి దగ్గర కర్రలతో, రాళ్ళతో అడ్డుకట్టలు కట్టాలి. అంచు వెంట వట్టివేరు దగ్గరదగ్గరగా నాటాలి. చెడిపోయేది ఎక్కువగా కాలవ దగ్గరే. వాలు సరిగ్గా లేక నీరు నిలిచిపోతే అది నేలలోకి ఇంకి, ఆపాలనుకున్న గొయ్యినే పెంచుతుంది.

లవాకా నుంచి కొట్టుకొచ్చిన ఇసుక కింది వరి మడిని పూడ్చేస్తుంది. పెరగడం ఆగిపోయిన పాత లవాకాల అడుగున మాత్రం తేమ నిలిచి, అరటి బాగా వస్తుంది.

10. పెద్ద నదులు, సరస్సులు ఏవి?

పొడవైనది మంగోకి, సుమారు 560 కి.మీ. తర్వాత బెత్సిబోకా, సుమారు 525 కి.మీ. రెండూ పడమటికే పారతాయి. తూర్పు నదులు పొట్టివి, జలపాతాలు ఎక్కువ. అతి పెద్ద సరస్సు అలాఓత్రా, దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంది. దాని చుట్టూ ఉన్న మైదానం దేశానికి ధాన్యపు గాదె. తూర్పు తీరంలో సహజ లగూన్లను (సముద్రం పక్కనే ఉండే లోతు తక్కువ ఉప్పునీటి సరస్సులను) ఫ్రెంచి పాలనలో కాలవలతో కలిపి పంగలాన్ జలమార్గం చేశారు. తోమాసినా నుంచి ఫరఫంగానా దాకా 600 కి.మీ. పైనే. చాలాచోట్ల పూడిక పడింది కాబట్టి మొత్తం దూరం పడవలో పోవచ్చని అనుకోవద్దు.

11. వరి ఎక్కడ, ఎలా పండిస్తారు? 'శ్రీ' వరి అక్కడిదేనా?

అక్కడిదే. మలగాసీల పూర్వీకులు బోర్నియో వైపు నుంచి ఓడల్లో వచ్చారు. వాళ్ళ భాషకు దగ్గరి చుట్టం బోర్నియోలోని మాన్యాన్. రోజుకు మూడు పూటలా అన్నం తినే ఇళ్ళు అక్కడ మామూలు. పీఠభూమి లోయల్లో మడులు, బెత్సిలెయో ప్రాంతంలో కొండ వాలుకు మెట్లు, తూర్పు వాలులో 'తావి'. ఈ తావి మన తూర్పు కనుమల పోడు లాంటిదే: అడవి నరికి, కాల్చి, వాన మీద వరి వేయడం. జనం పెరిగి బీడు వదిలే ఏళ్ళు తగ్గడంతో నేల కోలుకోవడం లేదు, అడవి తిరిగి రావడం లేదు.

తెలుగు రైతులకు 2003 ఖరీఫ్ నుంచి పరిచయమైన శ్రీ పద్ధతిని రూపొందించింది ఆంరీ ద లొలానియే అనే ఫ్రెంచి జెస్యూట్ మతగురువు. 1961లో మడగాస్కర్ వచ్చాడు. 1983లో అంత్సిరాబే దగ్గర 15 రోజుల లేత నారును ఒక్కొక్క మొక్కగా నాటినప్పుడు పిలకలు విపరీతంగా రావడం గమనించాడు. మన దగ్గర స్థిరపడిన లెక్క: ఎకరానికి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, 25 × 25 సెం.మీ. దూరంలో కుదురుకు ఒకే మొక్క, మడిలో నీరు నిలవకుండా ఆరుతడి, నాటిన 10 రోజులకు మొదటిసారి వీడరు (కలుపు తీసే పరికరం) తిప్పడం. నారును మట్టితో సహా తీసి, వేరు ఎండకముందే పైపైన నాటాలి.

పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో చూస్తే అది పుట్టిన నేల గుర్తుకొస్తుంది. పీఠభూమిలో మడులు చిన్నవి, ఒకదాని నుంచి ఒకదానికి నీరు దించుకోవచ్చు. నీటిని అలా పెట్టి, తీసే వీలు లేని పెద్ద చదును పొలంలో లేత మొక్క మునిగి కుళ్ళిపోతుంది. నేల చదును కాకపోతే మిట్టన కలుపు, పల్లంలో కుళ్ళు.

12. త్సింగీ అంటే?

పడమటి సున్నపురాయి ప్రాంతంలో కత్తుల్లా నిలబడ్డ రాతి వనం. నేల కింది నీరు పగుళ్ళ వెంట సున్నపురాయిని కరిగించి గుహలు చేస్తుంది, పైకప్పు కూలి గోడలు మిగులుతాయి, వాన వాటి మొనలు చెక్కుతుంది. బెమరాహా త్సింగీకి 1990లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వానాకాలంలో అక్కడికి దారి ఉండదు, జూన్–అక్టోబరు మధ్య పెట్టుకోండి. పలుచటి అడుగున్న బూట్లు పనికిరావు, చేతికి తొడుగులు ఉంటే మంచిది.

13. మన ఊళ్ళల్లో కనిపించే మడగాస్కర్ మొక్కలు ఏవైనా ఉన్నాయా?

రోజూ చూసేవే రెండున్నాయి. వేసవిలో ఎర్రగా పూసే తురాయి సొంత ఊరు పశ్చిమ, ఉత్తర మడగాస్కర్ పొడి అడవులు. మనకు మే నెలలో పూస్తే అక్కడ నవంబరు, డిసెంబరుల్లో పూస్తుంది. రెండు చోట్లా వానలకు కాస్త ముందుగానే. ఇంకొకటి ఇంటి ముందు ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతికే బిళ్ళగన్నేరు. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టీన్ దాని నుంచే తీస్తారు.

గోల్కొండ నయాఖిల్లాలోని హతియాన్ ఝాడ్ మాత్రం మడగాస్కర్‌ది కాదు. అది ఆఫ్రికా బావొబాబ్. బావొబాబ్‌లలో 6 జాతులు మడగాస్కర్‌లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగవు. మొరొండావా దగ్గర బాటకు అటూ ఇటూ స్తంభాల్లా నిలిచినవి వాటిలో ఒక జాతి.

14. ఒకే ఊరికి రెండు పేర్లు ఎందుకు? ఎలా పలకాలి?

ఒకటి ఫ్రెంచివాళ్ళ నాటిది, ఇంకొకటి మలగాసీ. తోమాసినా–తమతావ్, మహాజంగా–మజుంగా, అంత్సిరానానా–డియేగో సువారెజ్, తులియారా–తులేయార్, తొలన్యారో–ఫోర్ డొఫాన్. పాత పటాలు, ఓడల కాగితాల్లో ఫ్రెంచి పేర్లే కనిపిస్తాయి కాబట్టి వెతికేటప్పుడు రెండూ ప్రయత్నించండి.

రోమన్ లిపిలో 'ఓ' రాసిన చోట 'ఊ' పలుకుతారు, చివరి అచ్చు దాదాపు మింగేస్తారు. రాజధాని పేరు చెవికి 'అంతననరివ్' అని వినిపిస్తుంది. పొడవాటి పేర్లకు బెదరకండి, ముక్కలు చేస్తే సులువు. 'బె' అంటే పెద్ద, 'నోసి' అంటే దీవి: నోసి బె పెద్ద దీవి. 'రనో' నీరు, 'మఫనా' వేడి: రనోమఫనా వేడినీళ్ళ ఊరు. 'సిరా' ఉప్పు: అంత్సిరాబే ఉప్పు బాగా ఉన్న చోటు. 'అంబొహి' అని మొదలైతే కొండ మీది ఊరు.

15. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంత సమయం పడుతుంది?

పటం మీద దూరం చూసి లెక్క వేయకండి. ఆంటనానారివో నుంచి తోమాసినాకు గాలిలో సుమారు 215 కి.మీ. రెండో నంబరు జాతీయ రహదారి మీద మాత్రం 350 కి.మీ. దాటుతుంది. ఆ తేడా అంతా 3వ ప్రశ్నలో గీసిన రెండు మెట్లు దిగడానికే. దేశానికి ముఖ్యమైన రేవు తోమాసినా కాబట్టి సరుకు లారీలన్నీ ఇదే దారిలో వంపులు తిరుగుతూ ఉంటాయి, ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. తులియారాకు పోయే ఏడో నంబరు రహదారి 900 కి.మీ. పైచిలుకు, మధ్యలో రెండు రాత్రులు ఆగేలా చూసుకోండి. తోమాసినా నుంచి ఉత్తరాన మరొఅంత్సెత్రాకు పోయే దారిలో చాలా నదులను పంటు (బల్లకట్టు) మీద దాటాలి, వానల్లో అది దారి కిందకే రాదు.

ప్రయాణీకుల వ్యాన్లను టాక్సీ బ్రూస్ అంటారు. నిండితేగానీ కదలవు. తెల్లవారే స్టాండుకు చేరితే ముందు వరస సీటు దొరుకుతుంది.

16. టైమెంత తేడా? డబ్బు ఏది?

మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం 12 అయితే అక్కడ ఉదయం 9:30. డబ్బు అరియారీ. 1 అరియారీకి 5 ఇరైంబిలంజా. వందల లెక్కన కాక అయిదో వంతుల లెక్కన నడిచే నాణేలు ప్రపంచంలో చాలా అరుదు.